లంక కాకరకు యూరప్ దారి

ప్రశ్న: కొత్తపేట దగ్గర లంక భూమిలో కాకర, వంగ వేస్తున్నాను. యూరప్‌కు పంపాలంటే ఏ గుర్తింపులు కావాలండీ?
– ఒక రైతు, కొత్తపేట

జవాబు: ముందు ఉద్యాన శాఖ ద్వారా మీ పొలాన్ని వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా వారి ఆన్‌లైన్ వ్యవస్థ హార్టినెట్‌లో నమోదు చేయించండి. కొట్టిన మందులు, కోత తేదీలు పుస్తకంలో రాయండి. కాయల్ని అపెడా గుర్తించిన ప్యాక్‌హౌస్‌లోనే గ్రేడింగ్ చేయించాలి. సరుకులో పురుగులు, తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తెచ్చుకునే పని ఎగుమతిదారుది. పురుగు దొరికిందని 2014 మేలో ఐరోపా సమాఖ్య మన కాకర, వంగలను నిషేధించింది. తర్వాత ఆ నిషేధం ఎత్తేసినా తనిఖీ గట్టిగానే ఉంటుంది. పైగా కాకరపై 2019 డిసెంబర్ నుంచి తామర పురుగు కారణంగా మళ్లీ ఆంక్షలు వచ్చాయి కాబట్టి, ఇప్పుడు అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. కాకర తోటలో పండుఈగ ఎరలు తప్పనిసరి. మంచి సాగు పద్ధతులకు ఇచ్చే గ్లోబల్‌గ్యాప్ సర్టిఫికెట్ ప్రభుత్వ నిబంధన కాదు, అక్కడి సూపర్‌మార్కెట్ల షరతు. దానికి ఏటా తనిఖీ ఉంటుంది. ఒక్కరికే ఖర్చు బరువు కాబట్టి రైతు ఉత్పత్తిదారుల సంఘంగా దాన్ని తీసుకోండి. విత్తకముందే కొనుగోలుదారుతో మాట్లాడి, అనుమతించే మందుల జాబితా రాయించుకోండి.