మండ్రగబ్బకు తడి ఇల్లు

“అక్కా, మావాడు పుట్టినరోజుకి తేలు కొనిపెట్టమంటున్నాడే! కుక్కపిల్ల కాదు, చేపలు కాదు, తేలు!” మొన్న డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్లో ఒకటే గోల. నాకు నవ్వాగలేదు. నాలుగేళ్ళ కిందట న్యూజెర్సీలో మా ఇంట్లోనూ ఇదే రామాయణం మరి! దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను, వినండి చెల్లెళ్ళూ.

ముందు భయం సంగతి. మన చిన్నప్పుడు అమ్మలు హడలిపోయింది ఎర్రతేలుకి. అది ప్రాణాంతకమే. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ మందు వాడి చూపించాక గానీ దాని కాటు మరణాలు తగ్గలేదు. పిల్లలు పెంచుకునేది అది కాదు. థాయిలాండ్, మలేషియా అడవుల నల్లతేలు. మన మండ్రగబ్బకు దగ్గరి చుట్టం. జానెడులో సగానికి కాస్త ఎక్కువ పొడవు, లావుపాటి పటకార్లు. కుడితే చాలామందికి తేనెటీగ కుట్టినంత నొప్పి. అలాగని చేత్తో పట్టుకునే వేషాలు వద్దు, ఒంటికి పడనివాళ్ళకు అదీ ప్రమాదమే.

ఇక దాని కాపురం. ఒక్క తేలుకి పది గ్యాలన్ల గాజుపెట్టె చాలు. రెండింటిని కలిపి పెడితే ఒకదాన్నొకటి తినెయ్యవచ్చు. మూతకి సన్నటి జల్లెడ ఉండాలి, గట్టిగా బిగిసి ఉండాలి. కింద ఐదారు అంగుళాల మందాన కొబ్బరిపీచు పొడి. దుకాణంలో ఇటుకలా అచ్చుపోసి అమ్ముతారు. మా ఇటుక మీద ‘ఇండియా’ అని చూడగానే మా ఆయన, “కోనసీమ నుంచి కొబ్బరి వచ్చి తేలుకి పరుపైందా!” అన్నారు.

అసలు కిటుకంతా తడిలోనే ఉంది. గాలిలో తేమ 75, 80 శాతం ఉండాలట. చలికాలం హీటరు వేస్తే మన పెదాలే పగిలే ఇంట్లో అదెలా? నేను పూటపూటా స్ప్రే కొట్టాను. వారం తిరిగేసరికి గాజంతా చెమట, లోపల పెట్టిన బెరడు మీద తెల్లటి బూజు, ముక్కు మూసుకునే వాసన. తేమ ఉంటే చాలదు, గాలి ఆడాలని అప్పుడు తెలిసింది. గాలాడని తడిలో తేలు ఒంటికీ బూజు పడుతుంది.

అందుకని అంతా తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. కొబ్బరిపీచు పొడిని పిట్టుకి పిండి తడిపినట్టే తడపాలి: పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీటిచుక్క కారకూడదు. ఆ తర్వాత పైన చల్లడం మానేసి ఒక మూల నుంచి నీళ్ళు పోస్తే అడుగు తడిగా, పైన పొడిగా ఉంటుంది. కావలసినంత తడి ఉన్నచోటికి తేలే బొరియ తవ్వుకుని పోతుంది. ఒక వంపు బెరడు, లోతులేని నీళ్ళగిన్నె, చారెడు నాచు పెడితే ఇల్లు సిద్ధం.

వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్. వేడిపట్టీని పెట్టె అడుగున పెట్టకండి, పక్కగోడకి అంటించి థర్మోస్టాట్ తగిలించండి. ఎండ ఎక్కువైతే తేలు మట్టిలోకి దిగుతుంది. ఆ మట్టి కిందే పొయ్యి పెడితే ఇంకెక్కడికి పోతుంది పాపం!

తిండికి వారానికి ఒకటో రెండో మిడతలో, కీచురాళ్ళో చాలు. మిగిలినవి తీసెయ్యాలి. కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అప్పుడు ఆ కీచురాయే దాన్ని కొరికేస్తుంది.

ఒకరాత్రి మావాడు దీపాలార్పి అతినీలలోహిత కాంతి టార్చి వేశాడు. ఆ నల్లటిది కాస్తా నెమలికంఠం రంగులో మెరిసింది! తేళ్ళ పెంకులో ఉన్న పదార్థాల మహిమ అది. ఇంకోమాట. తేలుపిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయని మా నాయనమ్మ చెప్పేది. అబద్ధం. ఆ తల్లి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కని, తొలి కుబుసం విడిచేదాకా వీపున మోస్తుంది.

ఇంతా విని పిన్ని కూతురు, “సరే కొంటానక్కా” అంది. “కొను గానీ, అడవిలో పట్టింది కాకుండా పెంపకంలో పుట్టిందేనా అని అడుగు” అన్నాను. మీకూ అదే మాట. సెలవులకు ఊరెళ్ళినప్పుడు రాయికింద కనబడిన మండ్రగబ్బని డబ్బాలో వేసుకోకండి, దాని రాయి దానికి ఉంచండి. ఇంకొకటి, ఈ తేళ్ళు ఐదారేళ్ళు బతుకుతాయి. తిండి లేకుండా కొన్ని వారాలు ఉంటాయేమో గానీ నీళ్ళు లేకుండా ఉండలేవు. వేసవికి మీరు ఇండియా విమానం ఎక్కితే ఆ మూలన నీళ్ళు పోసేదెవరో ముందు చూసుకుని, ఆ తర్వాతే తేలుని ఇంటికి తెచ్చుకోండి.