ఒక్క బొట్టుతో నీటి పరీక్ష

గ్లాసులో నీరు తేటగా ఉంది. రంగు లేదు, వాసన లేదు. అంతమాత్రాన అది మంచినీరేనని చెప్పగలమా? బొగ్గు, కట్టెలు, డీజిల్ సరిగా మండనప్పుడు బెంజోపైరీన్ అనే పదార్థం పుడుతుంది. అది క్యాన్సర్ కలిగించగలదు. తాగే నీటిలో అది లీటరుకు 0.7 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు! ఇంత స్వల్పంగా ఉన్నదాన్ని పరికరం గుర్తుపట్టాలంటే ముందుగా దాన్ని ఒకచోట చేర్చాలి.

పాత పద్ధతిలో లీటరు నీటిని వేర్పాటు గరాటులో పోసి, వంద మిల్లీలీటర్లకు పైగా ద్రావణి కలిపి కుదుపుతారు. నీటిలో సరిగా కరగని బెంజోపైరీన్ ద్రావణిలోకి చేరుతుంది. తరువాత ద్రావణిని ఆవిరి చేయాలి. శ్రమ ఎక్కువ, పైగా ఆ ద్రావణులు చాలావరకు హానికరమైనవే.

2006లో టెహరాన్‌లోని ఇరాన్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన రెజాయీ, అసాదీ, వారి సహచరులు ఒక చక్కని ఉపాయం ప్రకటించారు. 1 మిల్లీలీటరు అసిటోన్‌లో 8 మైక్రోలీటర్ల టెట్రాక్లోరోఇథిలీన్ కలిపి, 5 మిల్లీలీటర్ల నీటిలోకి సిరంజితో వేగంగా చిమ్మారు. అసిటోన్ ఆ రెంటితోనూ కలుస్తుంది. అది నీటిలో కలిసిపోగానే, నీటితో పొసగని టెట్రాక్లోరోఇథిలీన్ సన్నని తుంపరగా చెదిరిపోతుంది. నీరు మబ్బు కమ్మినట్లవుతుంది.

బొట్టును ఎందుకు చెదరగొట్టాలి? లెక్క వేసి చూడండి. 8 మైక్రోలీటర్లు ఒకే బొట్టుగా ఉంటే దాని వ్యాసం సుమారు 2.5 మిల్లీమీటర్లు. అదే బొట్టు మిల్లీమీటరులో నూరోవంతు వ్యాసం గల తుంపరలైతే, మొత్తం ఉపరితలం 250 రెట్లవుతుంది. నీటిని తాకే చోటు పెరిగేకొద్దీ పదార్థం త్వరగా చేరుతుంది. గంటల పని క్షణాల్లో అయిపోతుంది.

ఇక తుంపరలను కూడగట్టాలి. గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిరగిర తిప్పితే, నీటికన్న బరువైన ఆ ద్రావణి అడుగుకు దిగుతుంది. అక్కడ దొరికేది 5 మైక్రోలీటర్లే. మిగిలినది నీటిలో కరిగిపోతుంది. అయితేనేం, వెదికే పదార్థాల గాఢత అందులో 600 రెట్లకు పైగా పెరిగింది!

నీటిలో బాగా కరిగే పదార్థాలు మాత్రం ఈ వలకు చిక్కవు. టెట్రాక్లోరోఇథిలీన్ కూడా మంచిది కాదు. అందుకే కొందరు డోడెకనాల్ వాడుతున్నారు. ఇది నీటిపై తేలుతుంది, సుమారు 24 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకడుతుంది. గొట్టాన్ని మంచులో ఉంచి, చలికాలంలో సీసాలోని కొబ్బరినూనెలా పేరుకున్న ఆ బొట్టును చెంచాతో తీసేస్తారు. అది కరిగాక పరికరంలోకి ఎక్కిస్తారు.