సహనం - హద్దులు

పాఠ్యభాగ ఉద్దేశం: నొప్పించే మాటను ఎంతవరకు సహించాలి, ఎప్పుడు, ఏ విధంగా ఎదిరించాలి అనే విషయాలను తెలంగాణ చరిత్ర ఆధారంగా తెలియజేయడం.

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. ఎదుటివారి నోరు మంచిది కానప్పుడు ఏమి చేయాలన్నదే ప్రశ్న. సహనమంటే తలవంచుకొని ఊరకుండడం కాదు. ఆవేశంతో చేయి చేసుకోవడం వీరత్వమూ కాదు. ఈ రెండింటికీ నడుమ వివేకమార్గం ఒకటున్నది.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని థియేటరులో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ మహాసభ జరిగింది. ఇతర భాషల ప్రసంగాలను ఆలకించిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలిచేసి, ప్రసంగం సాగనీయలేదు. మనస్తాపం చెందిన తెలుగువారు కలహానికి దిగలేదు. పదకొండుమంది టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఆ ఉద్యమమే పెరిగి, 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభగా రూపొందింది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న నిందకు కూడా ప్రతాపరెడ్డి తిట్టుతో బదులు చెప్పలేదు. 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. నింద మరుగునపడింది, సంచిక నిలిచింది.

అయితే అన్ని మాటలూ ఒక్కటి కావు. ఖాసిం రజ్వీ ద్వేషప్రసంగాల వెనుక రజాకార్ల సాయుధబలం ఉన్నది. వారి దౌర్జన్యాలను ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో ఖండించిన సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. అదే నెల 27న నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో తొంభైమందికి పైగా గ్రామస్థులు బలయ్యారు. వాదానికి ఆయుధంతో బదులిచ్చేవారి ముందు కేవల సహనం ఆత్మవినాశనమే. అక్కడ సహనానికి హద్దు ఏర్పడుతుంది.

హద్దులేని సహనం చివరకు సహనాన్నే నశింపజేస్తుందని తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1945లో హెచ్చరించారు. తర్కంతో ఎదుర్కొనగలిగినంతకాలం మాటను నిషేధించడం అవివేకమని కూడా ఆయనే చెప్పారు. మన రాజ్యాంగం 19వ అధికరణం వాక్‌స్వాతంత్ర్యాన్ని ప్రసాదిస్తూనే, శాంతిభద్రతలు, నేరప్రేరణ వంటి కారణాలపై సహేతుకమైన పరిమితులను అనుమతించింది.

చంద్లాపూర్ రచ్చబండపైనైనా, కళాశాల తరగతిలోనైనా ఒకరి యాసను, కులాన్ని, మతాన్ని కించపరిచే మాట వినబడవచ్చు. అభిప్రాయభేదమైతే వాదించాలి. అవమానమైతే బాధితుని పక్షాన నిలిచి ఖండించాలి. హింసకు పురికొల్పే మాటయితే చట్టాన్ని ఆశ్రయించాలి. ఈ మూడింటి భేదం ఎరుగుటయే వివేకం. నవ్వేవారితో చేరి నవ్వడం మాత్రం ఏనాడూ సహనం అనిపించుకోదు.

కఠిన పదాలు - అర్థాలు
గేలి = ఎగతాళి
మనస్తాపం = మనసుకు కలిగిన బాధ
సహేతుకం = తగిన కారణం గలది

ప్రశ్నలు
1. ఆంధ్ర జనసంఘం ఏర్పడిన పరిస్థితులను వివరించండి.
2. సహనానికి హద్దు ఎక్కడ ఏర్పడుతుందో సోదాహరణంగా చర్చించండి.