బిడ్డల కోసం నారాయణయ్య దావా

తిరుపతిలో బస్సెక్కి పీలేరు మీదుగా పోతే మదనపల్లె వస్తుంది. టమోటా మార్కెట్టు అనగానే మన వైపు అందరికీ ఈ ఊరే గుర్తుకొస్తుంది. 2022 దాకా ఇది చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఈ ఊళ్ళో బి.టి. కాలేజీ ఉంది. 'బి' అంటే బిసెంట్. అనిబిసెంట్ అనే దొరసాని పేరు అది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ ఈ ఊళ్ళోనే, 1895లో. ఆయన పెద్ద తత్వవేత్త అయ్యాడు. ఆయన మాటలు వినడానికి దేశదేశాల వాళ్ళు వచ్చేవాళ్ళు.

ఈ రెండు పేర్లూ మీలో కొందరు వినే ఉంటారు. కృష్ణమూర్తి తండ్రి పేరు విన్నవాళ్ళు తక్కువ. ఆయన పేరు జిడ్డు నారాయణయ్య. భార్య పోయిన మనిషి. తన ఇద్దరు కొడుకుల్ని తనకు ఇప్పించమని ఆయన అనిబిసెంట్ మీద కోర్టుకు పోయాడు. ఆ దావా చెంగల్పట్టులో మొదలై మద్రాసుకు, అక్కడినుంచి లండనుకు పోయింది. నూరేళ్ళు దాటిన సంగతి ఇది. అయినా బిడ్డను ఇంకొకరి ఇంట్లో వదిలే ప్రతి తల్లికీ తండ్రికీ పనికొచ్చే సంగతి.

తల్లి లేని ఇల్లు

నారాయణయ్య బాగా చదువుకున్న మనిషి. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి తాసిల్దారు దాకా ఎదిగాడు. భార్య సంజీవమ్మ. ఆమెకు చాలామంది బిడ్డలు పుట్టారు. కొందరు చిన్నతనంలోనే పోయారు. ఎనిమిదో కాన్పులో కృష్ణమూర్తి పుట్టాడు. దేవకీదేవి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు కదా, అందుకని ఆ పేరు పెట్టారు. ఆ కాన్పు దేవుడి గదిలో జరగాలని సంజీవమ్మ పట్టుబట్టిందని చెబుతారు. పురుడంటే మైల అనుకునే కాలంలో ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం ఉండాలి!

మూడేళ్ళ తర్వాత నిత్యానందం పుట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్ళు కాదు.

1905 డిసెంబరులో కడపలో సంజీవమ్మ చనిపోయింది. అప్పటికి కృష్ణమూర్తికి పదేళ్ళు. నిత్యానందానికి ఏడేళ్ళు. 1907 చివర్లో నారాయణయ్య ఉద్యోగం నుంచి దిగిపోయాడు. పింఛను నెలకు 112 రూపాయలు. అంతకు ముందు వచ్చే జీతంలో అది సగమే. ఇంట్లో నలుగురు మగబిడ్డలు. వాళ్ళకు తిండి పెట్టాలి, చదువు చెప్పించాలి.

నారాయణయ్య చాలా ఏళ్ళ నుంచి దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. అన్ని మతాల్లోనూ ఉన్న సత్యం ఒకటే అని చెప్పే సంఘం అది. మద్రాసు పక్కన అడయారులో దాని పెద్ద ఆఫీసు. దానికి అధ్యక్షురాలు అనిబిసెంట్. "నాకేదైనా పని ఇవ్వండి" అని ఆయన ఆమెకు జాబులు రాశాడు. ఆమె మొదట వద్దంది. చివరికి ఒప్పుకుంది. 1909 జనవరిలో ఆయన బిడ్డలతో అడయారు చేరాడు. ఆఫీసు ఆవరణకు బయట ఒక పాత ఇల్లు ఇచ్చారు. సరైన వసతి లేని ఇల్లు. ఆయన తోబుట్టువు వచ్చి వండి పెట్టేది. పిల్లలు మైలాపూరు బడికి పోయేవాళ్ళు. కృష్ణమూర్తికి పాఠాలు తలకెక్కేవి కాదు. అయ్యవారి చేతిలో దెబ్బలు తినేవాడు.

ఒక సంతకం

ఆ సమాజంలో లెడ్‌బీటర్ అనే దొర ఉండేవాడు. ఒకరోజు అడయారు సముద్రం ఒడ్డున ఆయన కృష్ణమూర్తిని చూశాడు. "ఈ పిల్లవాడు మామూలువాడు కాడు. లోకానికి గురువు అవుతాడు" అన్నాడు. పిల్లల్ని బడి మాన్పించారు. సమాజం వాళ్ళే చదువు చెప్పసాగారు. స్నానం, తిండి, బట్టలు, ఆటలు అన్నీ వాళ్ళు చెప్పినట్టే. అనిబిసెంట్‌కు కూడా పిల్లల మీద ప్రేమ కలిగింది. ఇంగ్లండులో చదివిస్తానంది.

1910 మార్చి 6న నారాయణయ్య ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. తన ఇద్దరు కొడుకులకు అనిబిసెంట్ సంరక్షకురాలు అని ఆ కాగితంలో ఉంది. సంరక్షకురాలు అంటే బిడ్డ బాగోగులు చూసే హక్కూ బాధ్యతా ఉన్న మనిషి. కోర్టుల్లో గార్డియన్ అంటారు.

ఎందుకు పెట్టాడు సంతకం? ఆయన్ను తప్పుపట్టడం తేలికే. చాలీచాలని పింఛను, తల్లి లేని బిడ్డలు, పైగా అడిగింది తాను గౌరవించే పెద్దమనిషి. ఆ స్థితిలో ఉన్నవాళ్ళకు కాదనడం ఎంత కష్టమో తెలుస్తుంది.

సంతకం పెట్టాక బిడ్డలు దూరమైపోయారు. 1911లో అనిబిసెంట్ వాళ్ళను ఇంగ్లండు తీసుకుపోయింది. అదే ఏడు కృష్ణమూర్తి పేరు మీద ఒక పెద్ద సంఘం కూడా పెట్టారు. జనం ఆ పిల్లవాడికి మొక్కసాగారు. ఇది నారాయణయ్యకు నచ్చలేదు. ఇంకో భయం కూడా ఉంది. లెడ్‌బీటర్ మగపిల్లలకు చెప్పే సంగతులు మంచివి కావని 1906లోనే పెద్ద గొడవ జరిగింది. ఆయన అప్పుడు సమాజం నుంచి తప్పుకుని, తర్వాత మళ్ళీ వచ్చి చేరాడు. అట్లాంటి మనిషి దగ్గర నా బిడ్డలు ఉండకూడదని తండ్రి పట్టుబట్టాడు.

1912 జనవరిలో ఆయన ఇంకో కాగితం మీద సంతకం పెట్టాడు. చదువు కోసం పిల్లల్ని ఇంగ్లండు తీసుకుపోవడానికి అభ్యంతరం లేదని దాంట్లో రాశారు. వాళ్ళను తీసుకుపోయారు. ఆ ఏడే తండ్రి ఉత్తరం రాశాడు. "నేనిచ్చిన అధికారాన్ని రద్దు చేస్తున్నాను. నా బిడ్డల్ని నాకు అప్పగించండి" అనేది దాని సారం. ఆమె అప్పగించలేదు.

మూడు కోర్టులు

1912 అక్టోబరులో నారాయణయ్య చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అడయారు అప్పుడు ఆ జిల్లాలో ఉండేది. తర్వాత దావాను మద్రాసు హైకోర్టుకు మార్చారు. నారాయణయ్య తరఫున సి.పి. రామస్వామి అయ్యర్ వాదించాడు. అనిబిసెంట్ వకీలును పెట్టుకోలేదు. తన కేసు తానే వాదించుకుంది. మన దేశంలో ఆడవాళ్ళు వకీళ్ళు కావచ్చని చట్టం వచ్చింది 1923లో. దానికి పదేళ్ళ ముందే ఒక ఆడమనిషి హైకోర్టులో నిలబడి వాదించింది. ఈ దావాలో మన మనసు తండ్రి వైపు మొగ్గినా, ఆ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

1913 ఏప్రిల్ 15న జడ్జి బేక్‌వెల్ తీర్పు చెప్పాడు. లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన ఆరోపణ రుజువు కాలేదన్నాడు. కానీ ఆయన అభిప్రాయాలు చెడ్డవని, మగపిల్లలకు చదువు చెప్పడానికి ఆయన తగడని కూడా అన్నాడు. మే 26 లోపల బిడ్డల్ని తండ్రికి అప్పగించమన్నాడు. అయితే దావా ఖర్చులు తండ్రే భరించాలన్నాడు. ఆరోపణ రుజువు కాలేదు కదా.

అనిబిసెంట్ అప్పీలు చేసింది. 1913 అక్టోబరులో హైకోర్టులోనే ఇద్దరు జడ్జీలు ఆ అప్పీలును కొట్టేశారు. నారాయణయ్య రెండుసార్లు గెలిచాడు. బిడ్డలు మాత్రం ఇంకా ఇంగ్లండులోనే ఉన్నారు.

అప్పటికి మనకు సుప్రీంకోర్టు లేదు. ఆఖరి కోర్టు లండనులో ఉండేది. దాన్ని ప్రీవీ కౌన్సిల్ అనేవాళ్ళు. అనిబిసెంట్ అక్కడికి పోయింది. 1914 మే నెలలో తీర్పు వచ్చింది. ఈ తీర్పును కొంచెం నిదానంగా చదవండి. దీంట్లో రెండు వైపులు ఉన్నాయి.

మొదటి వైపు తండ్రికి అనుకూలం. తండ్రి తన బిడ్డల పెంపకాన్ని ఇంకొకరికి అప్పగించవచ్చు. కానీ అట్లా ఇచ్చిన అధికారం శాశ్వతం కాదు. బిడ్డల మేలు కోరితే, కాగితంలో ఏమి రాసుకున్నా సరే, ఆయన దాన్ని వెనక్కు తీసుకోవచ్చు. అంటే 1910లో పెట్టిన సంతకం ఆయన నోరు కట్టేయలేదు.

రెండో వైపు ఆయనకు ఎదురు. బిడ్డలు ఉండేది ఇంగ్లండులో. చెంగల్పట్టు కోర్టుకు వాళ్ళ మీద అధికారం ఎక్కడిది? పైగా ఈ దావాలో ఆ బిడ్డల తరఫున ఎవరూ నిలబడలేదు. మీకేమి కావాలని వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. వాళ్ళకు తిరిగి రావడం ఇష్టం లేదు. పెద్దవాడికి అప్పటికే పందొమ్మిదేళ్ళు. చిన్నవాడికి పదహారు నిండబోతున్నాయి. అందుకని కింది కోర్టుల తీర్పులు చెల్లవన్నారు. కావాలంటే ఇంగ్లండు కోర్టుకు పోవచ్చన్నారు.

నెలకు 112 రూపాయల పింఛను వచ్చే మనిషి ఇంగ్లండులో దావా నడపగలడా? బిడ్డలు ఆయన ఇంటికి తిరిగి రాలేదు.

1921 చివర్లో అన్నదమ్ములు ఇండియాకు వచ్చినప్పుడు మద్రాసులో తండ్రిని చూశారు. 1924లో నారాయణయ్య చనిపోయాడు. మరుసటి ఏడే నిత్యానందం క్షయతో అమెరికాలో పోయాడు. 1929లో కృష్ణమూర్తి తన పేరు మీద పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. నేను ఎవరికీ గురువును కానన్నాడు. కొడుకును దేవుణ్ణి చేస్తున్నారని తండ్రి మొత్తుకున్నాడు కదా. ఆ దైవత్వం నాకొద్దని కొడుకే చెప్పాడు. వినడానికి అప్పటికి తండ్రి లేడు.

ఇప్పటి చట్టం

నారాయణయ్య కాలంలో హక్కంతా తండ్రిది. సంజీవమ్మ బతికి ఉన్నా ఆమె మాట కోర్టు అడిగేదో లేదో. ఇప్పుడు అట్లా కాదు. హిందువులకు 1956లో వచ్చిన చట్టం ప్రకారం ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి పట్టించుకోకపోతే, ఆయన ఉండగానే తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి హక్కు, తండ్రి హక్కు అన్నిటికంటే బిడ్డ మేలే ముందు.

దావా ఎక్కడ వేయాలి? 1890లో వచ్చిన సంరక్షకుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అది అన్ని మతాల వాళ్ళకూ వర్తిస్తుంది. బిడ్డ మామూలుగా ఏ ఊళ్ళో ఉంటుందో అక్కడి కోర్టుకే పోవాలి. తల్లి పలమనేరులో ఉండి, బిడ్డ బెంగుళూరులో మేనత్త ఇంట్లో పెరుగుతుంటే బెంగుళూరు కోర్టే. నారాయణయ్య ఓడింది ఇక్కడే కదా. మంచి చెడ్డ చెప్పగల వయసు వస్తే బిడ్డ ఇష్టాన్ని కూడా జడ్జి అడగవచ్చు.

2019లో సుప్రీంకోర్టుకు ఇట్లాంటి కేసే వచ్చింది. మహారాష్ట్రలో ఒక తల్లికి కడుపుతో ఉండగా క్యాన్సరు బయటపడింది. బిడ్డ పుట్టాక ఆమె చనిపోయింది. తండ్రి కూడా జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పసిబిడ్డను తల్లి తరఫు బంధువులు సాకారు. తండ్రి కోలుకుని వచ్చి అడిగితే ఇవ్వలేదు. బాగా చూసుకున్నందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. అయినా తండ్రి దగ్గరికే పంపమంది కోర్టు. బిడ్డను వాళ్ళు చూసుకునే వీలు కూడా కల్పించింది.

మన వైపు కువైట్‌కు పనికి పోయే తల్లులు ఎంతోమంది. పోతూపోతూ బిడ్డల్ని అమ్మ దగ్గరో, అక్క దగ్గరో, ఆడబిడ్డ దగ్గరో వదిలిపోతారు. ఒక్కోసారి కాగితం కూడా రాస్తారు. ఆ కాగితంలో ఏ మాట ఉందో చూడండి. 'పెంపకానికి' అని ఉంటే, బిడ్డ మేలు కోసం మళ్ళీ అడగవచ్చు. 'దత్తత' అని ఉంటే వేరే సంగతి. హిందూ చట్టం ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను రద్దు చేయలేరు. అది రిజిస్టరు కూడా అయితే కోర్టు దాన్ని నిజమైన దత్తతగానే మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. తాసిల్దారు చేసినాయనే సంతకం పెట్టి ఇన్ని అగచాట్లు పడ్డాడు. అర్థం కాని మాట కనిపిస్తే కలం కింద పెట్టి అడగండి. వేలిముద్ర అయినా అంతే.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్ళకు, బిడ్డలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని చట్టం ఉంది. చిత్తూరు జిల్లా కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడికి పోయి తెల్లకాగితం మీద మీ సంగతి రాసి ఇవ్వవచ్చు. 15100 నంబరుకు ఫోను కూడా చేయవచ్చు.

మాట్లాడుకోండి

నారాయణయ్య 1910లో సంతకం పెట్టకుండా ఉండాల్సిందా? మీరు ఆయన స్థానంలో ఉంటే ఏమి చేసేవాళ్ళు?

ఇద్దరు కొడుకులూ తిరిగి రావడానికి ఇష్టపడలేదు. కోర్టు వాళ్ళ మాట వినడం సరైనదేనా? ఏ వయసు బిడ్డ మాట వినాలి?

మీ ఊళ్ళో ఎవరైనా బిడ్డను బంధువుల ఇంట్లో వదిలి ఉన్నారా? వాళ్ళు కాగితం ఏమైనా రాసుకున్నారా? దాంట్లో ఏముందో వాళ్ళకు చదివి వినిపించండి.