మోటారుసైకిలు చప్పుడు: దాని మూలము కనుగొను విధము

పొలమునకు ఎరువు మోయుటకును, పాలకేంద్రమునకు క్యానులు చేర్చుటకును ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పనిలో కొంత నేడు మోటారుసైకిలు చేయుచున్నది. ఎద్దు కుంటినచో ఏ కాలు కుంటుచున్నదో రైతు చూచినంతనే చెప్పగలడు. మోటారుసైకిలు చప్పుడు చేసినచో మాత్రము, ఏ భాగము చేయుచున్నదో విచారింపకయే దానిని మెకానిక్కునకు అప్పగించి వచ్చుట వాడుకయైనది. చైను సవరించినచో పోవు దోషమునకు ఇంజను విప్పించుట వృథావ్యయము. అంతకు మించిన కీడు కూడ కలదు. మిక్కిలి అరిగిన చైను దారిలో తెగి ముందు పండ్లచక్రమునకు చుట్టుకొన్నచో వెనుకచక్రము పట్టివేయవచ్చును, ఇంజను పెట్టె పగులవచ్చును, మనిషి పడును.

చప్పుడు దేని వేగము ననుసరించి పెరిగి తరుగుచున్నదో కనుగొనుటయే ఈ పరీక్షకు మూలము. మొదట బండిని నిలిపి, న్యూట్రలులో ఇంజను నడిపి వినవలెను. బండి కదలకయే చప్పుడు వచ్చుచున్నచో దానికి చైను కారణము కాదు. అప్పుడు క్లచ్చిని పూర్తిగా నొక్కవలెను. నొక్కగానే అణగినచో గేరుపెట్టెలోని బేరింగులను అనుమానింపవలెను. నొక్కినప్పుడే పుట్టినచో క్లచ్చి బేరింగును చూపింపవలెను. రెండు విధముల మారనిచో అది ఇంజనులోనిది. దాని విచారణ ఈ వ్యాసమునకు చెందదు.

తరువాత జనసంచారము లేని తిన్నని బాటపై గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవుచు, రేజు తగ్గించి క్లచ్చి నొక్కవలెను. ఇంజను మందగించినను చప్పుడు మానక, బండి వేగముతోపాటు క్రమముగా తగ్గుచు వచ్చినచో చైను, పండ్లచక్రములు, చక్రపు బేరింగులు, బ్రేకులు మొదలగువానిలో ఏదియో ఒకటి కారణము. బ్రేకును కొంచెము తాకించినప్పుడు ధ్వని మారినచో ముందుగా బ్రేకు లైనరులను చూడవలెను. క్లచ్చి నొక్కగానే ఆగి, మరల ఇంజను లాగునప్పుడు మాత్రమే వినవచ్చు గరగర గేరుపెట్టెది కావచ్చును, అరిగిన చైనుది కావచ్చును. ఇట్టి సందేహమున చైనునే ముందు పరీక్షింపవలెను. గేరుపెట్టె వలె దానిని విప్పి చూడ నక్కరలేదు గదా.

టిక్కుటిక్కుమను చప్పుడునకు లెక్క యొకటి కలదు. ముందు చక్రమునకు 14 పండ్లు, వెనుకదానికి 42 పండ్లు, చైనునకు 106 లింకులు ఉన్నవనుకొందము. ఇంజను ఆపి, వెనుక టైరుపై సుద్దతో గీత గీసి, బండిని మెల్లగా నెట్టుచు వినవలెను. చక్రము ఒక చుట్టు తిరుగునంతలో ఒక్కమారు వినబడినచో దోషము చక్రమునందో వెనుక పండ్లచక్రమునందో ఉన్నది. మూడుమారులు వినబడినచో ముందు పండ్లచక్రమునది. రెండున్నర చుట్లకు ఒక్కమారు వినబడినచో చైనులో ఏదో ఒక లింకు తుప్పుపట్టి బిగిసినది. పండ్ల సంఖ్య బండిని బట్టి మారును. తమ బండి లెక్కను ఎవరికి వారు కట్టుకొనవలెను.

ఇక చైను. 1880లో మాంచెస్టరున హాన్స్ రెనాల్డు పేటెంటు పొందిన చైను కట్టడియే నేటికిని మన బండ్లలో నడచుచున్నది. చైను సాగినదని అందురు గాని, ఇనుము సాగుట లేదు. ప్రతి కీలులోను పిన్నును, దానిపైనున్న గొట్టమును కొంచెము కొంచెముగా అరిగి, ఆ అరుగుదల యంతయు కూడి పొడవుగా కనబడును. 428 అను ముద్ర గల చైనులో పిన్ను నడిమి నుండి తరువాతి పిన్ను నడిమికి 12.7 మిల్లీమీటర్లు. బిగబట్టి 20 లింకులు కొలిచినచో 254 రావలెను. 259 దాటినచో నూటికి రెండువంతులు పెరిగినదన్న మాట, దానిని మార్చవలసినదే.

వదులుగా నున్న చైను కవరునకు తగిలి టపటపలాడును. ఇది అందరికి తెలిసినదే. బిగువుగా నున్న చైను చేయు చెరుపు మాత్రము తరచుగా గుర్తింపబడుట లేదు. బండిపై బరువు పడినప్పుడు వెనుకచక్రము పైకి కదలును. ముందు పండ్లచక్రము, ఊగుడు చట్రపు కీలు, వెనుక ఇరుసు, ఈ మూడును ఒకే వరుసకు వచ్చినప్పుడు చైను మిక్కిలి బిగియును. ఖాళీ బండిపై చైనును తంబురా తీగవలె బిగించి, పిదప 45 కిలోల యూరియా బస్తాలు రెండు వేసికొని పోవువాని బండి గుంయిమని మూలుగుటలో వింతలేదు. ఆ బిగువు గేరుపెట్టె బేరింగును నేరుగా లాగి చెరచును. కంపెనీ పుస్తకము చెప్పినంత వదులు, సామాన్యముగా చిన్న బండ్లకు రెండు మూడు సెంటీమీటర్లు, చైను నడుమ ఉంచవలెను. చక్రమును త్రిప్పుచు నాలుగు తావుల కొలిచి, ఎక్కువ బిగువుగానున్న తావున ఆ వదులు ఉండునట్లు సవరింపవలెను. మాటిమాటికి బరువు మోయువారు బరువు వేసి మరియొకమారు చూచుట మంచిది.

రేజు ఇచ్చినప్పుడును తగ్గించినప్పుడును ధనుమని కొట్టుకొనుచు, చైను సరిగానే యున్నచో, వెనుక హబ్బులోని రబ్బరులు నలిగినవి. బండిని స్టాండుపై నిలిపి, టైరు పైభాగమును క్రిందిభాగమును పట్టి అటునిటు కదపినప్పుడు చక్రము ఆడినచో బేరింగు పోయినది.

పండ్లచక్రపు పండ్లు కొడవలి మొనవలె ఒకవైపునకు వంగియున్నచో చైనును, రెండు చక్రములను ఒకేమారు మార్చవలెను. పాత పండ్లపై క్రొత్త చైను శీఘ్రముగా అరిగిపోవును. దమ్ముచేసిన మడి అడుసు తగిలిననాడు చైనును కిరసనాయిలుతో కడిగి, ఆరిన పిదప గేరునూనె పట్టింపవలెను. చైనులో రబ్బరు వలయములున్నచో పెట్రోలు తగిలింపరాదు. ఇంజను నడచుచుండగా చైనును గుడ్డతో తుడుచుట వలన వ్రేళ్లు పోవును గాన, చక్రమును చేతితోడనే త్రిప్పవలెను. చైను విప్పి మరల కూర్చునప్పుడు దాని లాకు క్లిప్పుయొక్క మూసియున్న కొన చైను పోవు దిక్కునకు ఉండవలెను. తెరచిన కొన ముందున్నచో దేనికైన తగిలి ఊడిపోవచ్చును.