గోడ లేవకముందే కొలవాలి

తిరువూరులో ఒక అత్తా, కోడలూ ఉన్నారనుకుందాం. అత్తకు యాభై ఏళ్లు. రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కొడుకు పని మీద హైదరాబాదులో ఉంటాడు. ఇంట్లో ఉండేది ఆడవాళ్లిద్దరే.

ఒకరోజు పొద్దున్నే తూర్పు పక్క స్థలంలో గునపాల చప్పుడు వినిపించింది. పక్కింటాయన కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. తాపీమేస్త్రి తాడు కట్టి ముగ్గు పోశాడు. కూలీలు పునాది తవ్వుతున్నారు.

"అత్తయ్యా, ముగ్గు మన జామచెట్టు మొదట్లోకి వచ్చింది" అంది కోడలు.

అత్త వెళ్లి అడిగింది. "అన్నయ్యగారూ, ముగ్గు మా వైపుకి జరిగినట్టుందండీ."

"లేదమ్మా చెల్లాయ్. జరిగితే ఓ జానెడు జరిగి ఉంటుంది. జానెడు నేల కోసం ఇరుగూ పొరుగూ మాట అనుకుంటామా?" అన్నాడాయన.

జానెడే కదా అని చాలామంది ఊరుకుంటారు. ఆమె ఊరుకోలేదు. అలాగని కొట్లాటకూ పోలేదు. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచింది. అందులో మామగారు స్థలం కొన్నప్పటి దస్తావేజు ఉంది. ఇన్నేళ్లూ దాన్ని ఎండలో ఆరబెట్టడం, మళ్లీ దాచడం, అంతే. ఇప్పుడు వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

దస్తావేజు మొదటి పేజీల్లో భాష గట్టిగా ఉంటుంది. బాగా చదువుకున్నవాళ్లే తడబడతారు. మనకు కావలసింది చివర్లో "షెడ్యూలు" అని రాసిన చోట ఉంటుంది. నాలుగు వైపులా ఎవరి స్థలం ఉందో అక్కడ రాస్తారు. అవే హద్దులు. దాని కిందే కొలతలు. ఈమె దస్తావేజులో ఇలా ఉంది: తూర్పు పడమర 30 అడుగులు. ఉత్తరం దక్షిణం 48 అడుగులు. మొత్తం 160 చదరపు గజాలు.

కోడలు లెక్క వేసి చూసింది. 30ని 48తో హెచ్చవేస్తే 1440 చదరపు అడుగులు. ఒక చదరపు గజానికి 9 చదరపు అడుగులు. 1440ని 9తో భాగిస్తే 160. సరిపోయింది.

తర్వాత టేపు పట్టారు. పడమటి గోడ నుంచి ముగ్గు దాకా 29 అడుగుల 3 అంగుళాలే వచ్చింది. 9 అంగుళాలు తక్కువ. అంటే సరిగ్గా జానెడు! కానీ ఆ జానెడు 48 అడుగుల పొడవునా పోతోంది. అప్పుడది 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. తిరువూరులో గజం ధర ఎంతో తెలిసినవాళ్లు దాన్ని జానెడు అనరు.

సాయంత్రం పక్కింటాయన ఒక కాగితం తెచ్చాడు. "ప్లాను కోసం చెల్లాయ్, ఇక్కడొక సంతకం పెట్టు" అన్నాడు. వెనకటి రోజులైతే ఆమె వేలిముద్ర వేసి ఇచ్చేసేది. ఈసారి దీపం దగ్గరికి తీసుకెళ్లి చదివింది. "ఈ కట్టడానికి నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు" అని రాసి ఉంది. "కొలతలు తేలాక పెడతానండీ" అని మర్యాదగానే తిరిగి ఇచ్చింది.

మర్నాడు అర్జీ రాసింది.

"తిరువూరు మునిసిపల్ కమిషనరు గారికి. అయ్యా, మా ఇంటికి తూర్పు పక్కన కొత్త ఇల్లు కడుతున్నారు. పునాది మా స్థలంలోకి 9 అంగుళాలు వచ్చినట్టు మా కొలతలో తేలింది. ఆ ఇంటి ప్లాను చూసి, ప్లాను ప్రకారం కట్టకపోతే పని ఆపించండి. మా దస్తావేజు నకలు జత చేశాను."

కింద తేదీ వేసి సంతకం పెట్టింది. రెండు ప్రతులు రాసింది. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకుంది. ముద్ర లేకపోతే రేపు "మీరు ఇవ్వలేదు" అంటారు. పల్లెటూరైతే ఈ అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి.

ఆఫీసువాళ్లు వచ్చి చూశారు. ప్లానులో ఆ వైపు వదలాల్సిన ఖాళీ వదలలేదని పని ఆపించారు. కానీ స్థలం ఎవరిదో వాళ్లు తేల్చరు. ఆ పని వాళ్లది కాదు. చాలామంది ఇక్కడే నెలల తరబడి తిరిగి విసిగిపోతారు. హద్దు కొలిచేది సర్వేయరు. హద్దు చూపించమని పెట్టే అర్జీని "ఎఫ్ లైన్" అర్జీ అంటారు. మీసేవలో సర్వే నంబరు రాసి, రుసుము కట్టి పెట్టాలి. కొలిచే రోజు పక్కవాళ్లకు కూడా నోటీసు వస్తుంది.

ఊరి పాత ఇళ్ల స్థలాన్ని గ్రామకంఠం అంటారు. అక్కడ ఇంటింటికీ వేరే సర్వే నంబరు ఉండేది కాదు. అందుకే 2020లో కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకం పెట్టి, డ్రోన్లతో ఊళ్లలో ఇళ్ల స్థలాలు కొలిపించడం మొదలుపెట్టింది. అదే ఏడు డిసెంబరు 21న మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. మొదలైంది ఎక్కడో కాదు, జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. గ్రామకంఠంలో ఇల్లున్నవాళ్లు పాత ఇంటిపన్ను రసీదులు పారేయకూడదు. తిరువూరు 2011లో నగర పంచాయతీ అయింది. అంతకుముందు రసీదుల మీద గ్రామ పంచాయతీ అని ఉంటుంది. 2022 దాకా మనది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. పేరు మారిందని పాత కాగితం చెల్లకుండా పోదు.

సర్వేయరు వచ్చి కొలిచాడు. 9 అంగుళాల్లో 6 అంగుళాలు పక్కింటాయన జరిగిందే. మిగతా 3 అంగుళాలు మాత్రం ఆయన తప్పు కాదు. మామగారి రోజుల్లో పడమటి గోడ కట్టినప్పుడే లోపలికి జరిపి కట్టారు. ఈ సంగతి విని అత్త కాస్త సిగ్గుపడింది. పక్కింటాయన తాడు 6 అంగుళాలు వెనక్కి కట్టించాడు. అప్పటికి గోతులే కాబట్టి ఒక రోజు కూలీతో పోయింది.

ఇంకో సంగతి. కింద గోడ సరిగ్గా ఉన్నా, పైన సజ్జ మన మీదికి రావచ్చు. చూరు నీళ్లు మన గోడ మీద పడవచ్చు. భూమిలో పిల్లరు కింద వేసే దిమ్మ గోడకన్నా వెడల్పుగా ఉంటుంది. మట్టి కప్పేశాక అది కనపడదు. అందుకే గోతి తెరిచి ఉండగానే చూసుకోవాలి.

ఆయన జరపకపోతే? అప్పుడు సివిల్ కోర్టు. పని ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వును ఇంజంక్షన్ అంటారు. అది గోడ లేవకముందు అడిగితేనే బలం. చూస్తూ ఊరుకుని, స్లాబు పడ్డాక వెళితే, "ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?" అని అడుగుతారు. ఒక్కోసారి గోడ తీయించకుండా డబ్బు ఇమ్మనడంతో సరిపెడతారు. పన్నెండేళ్లు మన స్థలాన్ని ఆయన బహిరంగంగా తనదిగా అనుభవిస్తే, మన హక్కే పోవచ్చు. కోపం వచ్చి మనమే ఆ గోడ పడగొడితే మాత్రం కేసు మన మీదికి వస్తుంది.

ప్లీడరుకు డబ్బు ఎక్కడిదని భయం వద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ప్లీడరును ఉచితంగా ఇస్తారు. ఆస్తి ఉందా, ఆదాయం ఎంత అని చూడరు. కోర్టులో ఉండే న్యాయసేవల కమిటీని అడగాలి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు ఉండదు. అందుకని సంతకం పెట్టేముందు అందులో రాసిన కొలతలు చదువుకోవాలి.

లెక్క చేయండి:

ఒక స్థలం వెడల్పు 27 అడుగులు. పొడవు 50 అడుగులు. ఎన్ని చదరపు గజాలు? పొడవునా ఒక అడుగు పక్కవాళ్లు కలుపుకుంటే ఎన్ని చదరపు అడుగులు పోతాయి?

మీ ఇంటి దస్తావేజు తీసి, షెడ్యూలు చూసి రాయండి:

తూర్పు హద్దు ............ పడమర హద్దు ............
ఉత్తరం హద్దు ............ దక్షిణం హద్దు ............