నడుం పదిలంగా ఉంటేనే ఎగరగలం

నవ్వుతూ కాఫీ అందించే ఎయిర్ హోస్టెస్ అంతకుముందు అరగంట ఏం చేసిందో ప్రయాణికులు గమనించరు. గ్యాలీలో వంగి కింది అరల్లోంచి డ్రాయర్లు లాగి ఉంటుంది. పై బిన్‌లో ఇరుక్కున్న సూట్‌కేసును సర్ది ఉంటుంది. నిండుగా ఉంటే వంద కిలోల దాకా తూగే ట్రాలీని ఇరుకు దారిలో నడిపి ఉంటుంది. కాక్‌పిట్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. అక్కడ గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. బరువు మోసినా, కదలకుండా కూర్చున్నా చివరికి భారం పడేది నడుం మీదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుంనొప్పితో బాధపడ్డారు. ఆ లెక్కలో మీరు చేరకూడదంటే నొప్పి రాకముందే కొన్ని అలవాట్లు చేసుకోండి.

లాగొద్దు, తోయండి

విమానం నిలకడగా ఎగురుతున్నప్పుడు కూడా సాధారణంగా దాని ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకే ఉంటుంది. అంటే ట్రాలీని కాక్‌పిట్ వైపు నడిపేటప్పుడు మీరు మిట్ట ఎక్కుతున్నట్టే. విమానం ఇంకా పైకెక్కుతుండగానే సర్వీసు మొదలుపెడితే ఆ వాలు మరీ ఎక్కువ. ఆగే వీలుంటే ఆగండి. నిండు ట్రాలీకి ఇద్దరు ఉండాల్సిందే. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఒక కాలు ముందుకు పెట్టి, కాళ్ల బలంతో తోయండి. పక్కకు తిరగాలంటే పాదాలతో తిరగండి, నడుం మెలితిప్పొద్దు. ఆపిన ప్రతిసారీ బ్రేకు వేసే ఎర్ర పెడల్ తొక్కండి. జారిపోతున్న ట్రాలీని పట్టుకోబోయి నడుం పట్టేయడం కొని తెచ్చుకునే కష్టం. చక్రం మొరాయిస్తే రాసిపెట్టండి. లేకపోతే రేపు మీ స్నేహితురాలు అదే ట్రాలీతో కుస్తీ పడుతుంది.

మర్యాదగా కాదనండి

బరువులెత్తే పనికి అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 23 కిలోల పరిమితి సూచించింది. అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే: బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, మెలిక తిరగకూడదు, పట్టు బాగుండాలి. చేతులు చాచి తలకన్నా పైకి ఎత్తాల్సి వస్తే ఆ పరిమితి బాగా తగ్గిపోతుంది. బిన్‌లోకి బ్యాగు ఎత్తడం సరిగ్గా అలాంటి పనే. "సార్, మీరు ఎత్తండి, నేను చోటు సర్దుతాను" అనండి. పెద్దవాళ్లదైతే, "అమ్మా, ఉండండి, ఇద్దరం కలిసి పెడతాం" అని తోటి క్రూను పిలవండి. మాటలో మెత్తదనం ఉంటే కాదన్నా ఎవరూ నొచ్చుకోరు.

పైలట్ గారూ, ముందు సీటు

ఎయిర్‌బస్ ఏ320 అద్దాల మధ్య కమ్మీ మీద ఎర్ర, తెల్ల గోళీలుంటాయి. అవి ఒకే వరుసలో కనిపించేలా సీటు సర్దుకుంటే చూపు సరైన ఎత్తుకు వస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నడుం వంపుకు ఆనే మెత్తను, పెడళ్లను, చేతి ఆనికను కూడా మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి. పక్కనున్న బ్యాగు కోసం కూర్చున్నచోటే మెలితిరగొద్దు. అవసరమైనవి ముందే చేతికందేలా పెట్టుకోండి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో సుమారు 16 కిలోల కాగితాల బ్యాగుకు బదులు పైలట్లకు ట్యాబ్లెట్లిచ్చింది. పనిముట్టు మారితే ఒంటి మీద భారమూ తగ్గుతుంది.

తెల్లవారుజాము డ్యూటీ

రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే నిద్ర లేవగానే బాగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. చీకటితోనే లేచి శంషాబాద్ విమానాశ్రయం చేరాల్సినవాళ్లు లేచిన మొదటి గంటలో వంగి చేసే వ్యాయామాలు, బరువులు మానుకోండి. కాసేపు నడవండి, చాలు.

బూట్ల మాట

ఎత్తుమడమల బూట్లతో గంటలకొద్దీ నిలబడితే కాళ్లకీ నడుముకీ శ్రమే. జపాన్ ఎయిర్‌లైన్స్ 2020లో మహిళా సిబ్బంది అవి వేసుకోవాలన్న నిబంధన ఎత్తేసింది. మన ఆకాసా ఎయిర్ 2022లో స్నీకర్లతోనే యూనిఫాం తెచ్చింది. మీ సంస్థలో ఇంకా పాత పద్ధతే ఉంటే నలుగురూ కలిసి అడగండి.

నొప్పి మొదలైతే

రోజుల తరబడి మంచానికి అతుక్కుపోవద్దు, తట్టుకోగలిగినంత కదలండి. సొంత వైద్యంతో మాత్ర వేసుకుని డ్యూటీ ఎక్కొద్దు, కొన్ని మందులు మగత తెస్తాయి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్ర విసర్జన అదుపు తప్పినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇవన్నీ ఒక్కరోజులో అలవాటు కావు. రేపటి డ్యూటీలో ఒక్కటి మొదలుపెట్టండి. నిండు ట్రాలీ ముందు నిలబడ్డప్పుడు మొహమాటపడకుండా పక్కవాళ్లను "కాస్త చెయ్యి వెయ్యి" అని పిలవండి.